నేల తమది, రాజ్యభాష పరులది
ఫ్లెమిష్ ప్రజల గడ్డ - దాని భూగోళం, చరిత్ర

(విద్యార్థులు, ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవ్వాళ మనం మాట్లాడుకోబోయేది యూరప్‌లో ఒక మూలకున్న చిన్న నేల గురించి. దాని పేరు ఫ్లాండర్స్. బెల్జియం దేశానికి ఉత్తర భాగం అది. అక్కడి జనాన్ని ఫ్లెమిష్ ప్రజలు అంటారు. వాళ్ల భాష డచ్. విస్తీర్ణం దాదాపు 13,600 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత ఉమ్మడి నల్లగొండ జిల్లా కంటే కూడా కొంచెం చిన్నది. కానీ జనాభా 68 లక్షలు. బెల్జియం మొత్తం జనాభా కోటి 17 లక్షల పైచిలుకు. నూటికి యాభై ఏడెనిమిది మంది ఈ ఫ్లాండర్స్ వాళ్లే.

ఈ లెక్కను యాది పెట్టుకోండి. ఎందుకంటే ఈ ప్రసంగమంతా ఈ లెక్క చుట్టే తిరుగుతది. ఫ్లెమిష్ ప్రజలు తమ దేశంలో మైనారిటీ కాదు. మొదటి నుంచీ వాళ్లే ఎక్కువ. అయినా 1830లో బెల్జియం పుట్టినంక ఏం జరిగిందో చూడండి. క్రిమినల్ కోర్టులో తమ భాష వాడాలనే చట్టం రావడానికి 43 ఏండ్లు పట్టింది. పూర్తిగా తమ భాషలో నడిచే ఒక్క విశ్వవిద్యాలయం రావడానికి 100 ఏండ్లు పట్టింది. తమ గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తదో చట్టంలో గీత గీసుకోవడానికి 132 ఏండ్లు. బెల్జియం ఒక ఫెడరల్ దేశమని రాజ్యాంగం మొదటి అధికరణంలో రాయించుకోవడానికి 163 ఏండ్లు. మెజారిటీ ప్రజలకు ఇంత కాలం ఎందుకు పట్టింది? అదీ మన ప్రశ్న.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. వాళ్ల కథను మన కథకు అచ్చు గుద్దినట్టు పోల్చడం తప్పు. అక్కడ రెండు భాషల మధ్య పంచాయతీ. మన దగ్గర రెండు వైపులా తెలుగే. అక్కడ వెనుకబడ్డవాళ్లు సంఖ్యలో ఎక్కువ, మన దగ్గర తక్కువ. కాబట్టి వాళ్లను వాళ్లుగానే చూద్దాం.

నీళ్ల నుంచి గుంజుకున్న నేల

మొదలు భూగోళం. ఫ్లాండర్స్‌కు పడమట ఉత్తర సముద్రం. తీరం పొడవు 67 కిలోమీటర్ల లోపే. తీరం వెంబడి ఇసుక దిబ్బలు, వాటి వెనుక పోల్డర్లు. పోల్డరంటే సముద్రపు పోటుకు మునిగే భూమికి కట్ట కట్టి, కాలువలు తవ్వి, నీళ్లు తోడి సాగుకు తెచ్చుకున్న నేల. మధ్యయుగాల నుంచీ మఠాలు, రైతులు, ప్రభువులు కలిసి చేసిన పని అది. కొన్ని చోట్ల సముద్రం పోటు మీదున్నప్పుడు నీటిమట్టం పొలం కంటే ఎత్తున ఉంటది. తూములు సమయానికి మూయకపోతే పంట పోతది, ఊరు పోతది. ఫ్లాండర్స్ అనే పేరుకే వరద నేల అనే అర్థం ఉందని భాషావేత్తలు చెప్తారు.

లోపలికి పోతే ఇసుక కలిసిన సమతల భూములు. తూర్పు వైపు కెంపెన్ అనే ప్రాంతం అంతా ఇసుక, పొదలు, పేద నేల. దక్షిణాన మాత్రం సారవంతమైన ఒండ్రు లాంటి మన్ను. గుట్టలున్నా మనం గుట్టలనుకునేంత ఎత్తు లేవు.

నదుల్లో పెద్దది షెల్డ్. ఫ్రాన్స్‌లో పుట్టి, ఘెంట్ మీదుగా, ఆంట్‌వెర్ప్ మీదుగా పారి సముద్రంలో కలుస్తది. కానీ అది సముద్రంలో కలిసే చోటు నెదర్లాండ్స్‌లో ఉంది. నది తమది, ఓడరేవు తమది, సముద్రానికి పోయే దారి మాత్రం పక్కవాడి చేతిలో. ఈ ఒక్క భౌగోళిక సత్యం ఆ ప్రజల రెండు వందల ఏండ్ల బతుకును ఎట్లా మార్చిందో కాసేపట్లో చూద్దాం. ఇంకో నది లైయె. దాని నీళ్లలో అవిసె నార నానబెట్టి మేలైన నార తీసేవాళ్లు. కోర్ట్రైక్ పట్నం చుట్టుపక్కల దాన్ని బంగారు నది అనేవాళ్లు.

ఇప్పటి ఫ్లాండర్స్‌లో ఐదు ప్రావిన్సులు: పశ్చిమ ఫ్లాండర్స్, తూర్పు ఫ్లాండర్స్, ఆంట్‌వెర్ప్, లింబర్గ్, ఫ్లెమిష్ బ్రబాంట్. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత చరిత్రలో ఫ్లాండర్స్ అంటే పడమటి భాగం మాత్రమే, ఒక కౌంట్ పాలించిన సంస్థానం. లింబర్గ్ వాళ్లు, బ్రబాంట్ వాళ్లు అప్పట్లో ఫ్లెమిష్ అనిపించుకోలేదు. అటు పాత ఫ్లాండర్స్‌లోని డంకర్క్, లీల్ పట్నాలు ఇవ్వాళ ఫ్రాన్స్‌లో ఉన్నయి. 17వ శతాబ్దంలో పద్నాలుగో లూయీ వాటిని తీసుకున్నడు. ఇంకో ముక్క నెదర్లాండ్స్‌లో ఉంది. అంటే ఇవ్వాల్టి ఫ్లాండర్స్ అనే గడ్డ అనాదిగా అట్లాగే ఉన్నది కాదు. 19, 20 శతాబ్దాల కొట్లాటలో ఒకే భాష మాట్లాడే వేర్వేరు ప్రాంతాలు ఒకే పేరు కిందికి వచ్చినయి. కొట్లాటే ఆ గడ్డకు ఆకారం ఇచ్చింది.

నేతగాళ్లు గుర్రపు దొరలను ఓడించిన రోజు

ఇక చరిత్ర. 12, 13 శతాబ్దాల్లో ఘెంట్, బ్రూజ్, ఈప్ర్ పట్నాలు యూరప్‌లోనే పేరుమోసిన బట్టల పట్నాలు. ఉన్ని ఇంగ్లండ్ నుంచి వచ్చేది, నేత ఇక్కడ నడిచేది. ఈప్ర్‌లో బట్టల అంగడి కోసం కట్టిన మండపం చూస్తే రాజభవనం అనుకుంటం. పట్నంలో చేతివృత్తుల సంఘాలు బలపడ్డయి. నేతగాళ్లు, ఉన్ని దులిపేవాళ్లు, కసాయివాళ్లు ఎవరి సంఘం వాళ్లు పెట్టుకున్నరు. పైన ధనిక వర్తకులున్నరు, వాళ్లు ఫ్రెంచి రాజు పక్షం.

1302 మే 18 తెల్లవారుజామున బ్రూజ్ జనం తిరగబడి ఫ్రెంచి సైన్యపు దండును చంపేసిన్రు. ఫ్రెంచి రాజు పెద్ద సైన్యాన్ని పంపిండు. జులై 11న కోర్ట్రైక్ పట్నం బయట యుద్ధం. ఒక పక్క ఉక్కు కవచాలు తొడిగి గుర్రాలెక్కిన ప్రభువులు. ఇంకో పక్క కాలినడకన వచ్చిన నేతగాళ్లు, కసాయివాళ్లు, రైతులు. వాళ్ల చేతిలో ఉన్నది ఇనుప మొన బిగించిన గుదియ. నేల వాళ్లకు సాయపడ్డది. బురద, వాగులు, గుంతలు. గుర్రాలు దిగబడ్డయి, దొరలు కింద పడ్డరు, సేనాని ఆర్టువా రాబర్ట్ చచ్చిపోయిండు. చనిపోయిన ప్రభువుల కాళ్ల నుంచి తీసిన బంగారు ముళ్ల జతలను చర్చిలో వేలాడదీసిన్రు. అందుకే దాన్ని బంగారు ముళ్ల యుద్ధం అంటరు. ఇవ్వాళ జులై 11 ఫ్లెమిష్ సమాజపు అధికార పండుగ.

అయితే నిజం కూడా చెప్పుకోవాలి. అది భాషల యుద్ధం కాదు. ఫ్లెమిష్ పక్షాన నామూర్ నుంచి వచ్చిన ఫ్రెంచి మాట్లాడే సైనికులూ ఉన్నరు. గెలుపు కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. 1305 సంధిలో ఫ్రెంచి రాజు భారీ జరిమానా వేసిండు. తర్వాత లీల్ వైపు భూములు కూడా పోయినయి. ఐదు వందల ఏండ్ల తర్వాత, 1838లో హెండ్రిక్ కాన్సియెన్స్ అనే రచయిత ఈ యుద్ధం మీద 'ఫ్లాండర్స్ సింహం' అనే నవల రాసిండు. తమ భాషకు విలువ లేని రోజుల్లో జనం దాన్ని చదివిన్రు, చదువు రానివాళ్లు చదివించుకొని విన్నరు. మరిచిపోయిన జులై 11 మళ్లీ లేచి కూచుంది. చరిత్రను యాది చేసుకునే పద్ధతి ఏ కాలానికి ఆ కాలపు అవసరం నుంచి వస్తది.

ఆ తర్వాత బర్గండీ ప్రభువుల పాలన, ఆ వెనుక హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల పాలన. చక్రవర్తి అయిదో చార్లెస్ పుట్టింది 1500లో, ఘెంట్ పట్నంలోనే. ఆ పట్నం పన్నులు కట్టనని ఎదురు తిరిగితే 1540లో తన పుట్టిన ఊరి పెద్దలను మెడకు ఉరితాడు వేసుకొని తన ముందు నడిపించిండు. ఇవ్వాల్టికీ ఘెంట్ వాళ్లను 'ఉరితాడు మోసేవాళ్లు' అంటరు. వాళ్లు సిగ్గుపడరు. పండుగ రోజుల్లో మెడలో తాడు వేసుకొని గర్వంగా తిరుగుతరు.

నది మూసుకుపోయింది, నేల మూగబోయింది

16వ శతాబ్దంలో ఆంట్‌వెర్ప్ యూరప్‌లోని పెద్ద ఓడరేవుల్లో ఒకటి. అచ్చుయంత్రాలు, వజ్రాలు, పటాలు. షెల్డ్ ఒడ్డున రూపెల్‌మాండ్ అనే ఊళ్లో 1512లో మెర్కాటర్ పుట్టిండు. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద ఓడలకు పనికొచ్చేటట్టు గీసినవాడు. ఆంట్‌వెర్ప్ మనిషి ఓర్టెలియస్ 1570లో తొలి ఆధునిక పటాల పుస్తకం అచ్చువేసిండు. మన నేలతో కూడా అప్పుడొక లింకు ఉంది. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడే దాకా లోకానికి వజ్రాలు పోయింది ఎక్కువగా మన దేశం నుంచే. బ్రూజ్‌లో పుట్టిన జాక్ ద కూట్ర్ అనే రత్నాల వర్తకుడు 17వ శతాబ్దం మొదట్లో దక్కన్ వజ్రాల గనుల దాకా వచ్చి, చూసింది రాసి పెట్టిండు.

కానీ 1585లో స్పెయిన్ సైన్యం ఆంట్‌వెర్ప్‌ను పట్టుకుంది. ప్రొటెస్టెంట్లు, వర్తకులు, పనిమంతులు, పండితులు వేలకు వేలు ఉత్తరాదికి, ఆమ్‌స్టర్‌డామ్ వైపు పోయిన్రు. దాదాపు లక్ష జనాభా ఉన్న పట్నం కొద్ది ఏండ్లలోనే సగానికి పడిపోయింది. నది ముఖం ఉత్తరాది డచ్ రిపబ్లిక్ చేతిలో ఉంది కదా, వాళ్లు దాన్ని మూసిన్రు. 1648 సంధిలో ఆ మూసివేత చట్టమైంది. 18వ శతాబ్దం చివరిదాకా ఆంట్‌వెర్ప్‌కు సముద్రం లేదు. ఒకే భాష మాట్లాడే జనం రెండయిన్రు. ఉత్తరాన డచ్ రాజ్యభాషయింది, పుస్తకాల భాషయింది. దక్షిణాన స్పెయిన్, ఆస్ట్రియా, ఆ తర్వాత ఫ్రాన్స్ పాలించినయి. ఇక్కడ ఆ భాష ఇంట్లో, పొలంలో, అంగట్లో మిగిలింది. చదువుకున్నవాడు, నౌకరీ కావాలనుకున్నవాడు ఫ్రెంచి పట్టుకున్నడు.

ఇక్కడే మనం జాగ్రత్తగా చూడాలి. ఫ్లెమిష్ ప్రజల మీద ఫ్రెంచి పెత్తనం చేసినవాళ్లు అందరూ బయటివాళ్లు కాదు. ఘెంట్, ఆంట్‌వెర్ప్ పట్నాల్లోని ధనికులు, మిల్లు యజమానులు, జమీందార్లు పుట్టుకతో అక్కడివాళ్లే. ఇంట్లో ఫ్రెంచి, పనిమనిషితో ఫ్లెమిష్. భాషే వర్గాన్ని చెప్పేది.

కోర్టులో అర్థం కాని తీర్పు

1830లో నెదర్లాండ్స్ నుంచి విడిపోయి బెల్జియం ఏర్పడ్డది. రాజ్యాంగం భాషల వాడకంలో స్వేచ్ఛ ఉందన్నది. వినడానికి బాగుంది. కానీ స్వేచ్ఛ ఎవరికి? ఆఫీసరుకు నచ్చిన భాష రాసే స్వేచ్ఛ, జడ్జికి నచ్చిన భాషలో తీర్పు చెప్పే స్వేచ్ఛ. పన్ను కట్టే స్థోమతను బట్టి ఓటు. నూటికి ఒక్కరికే ఓటున్న దేశంలో సంఖ్య ఎందుకు పనికొస్తది? మెజారిటీ ఎట్లా ఓడిపోయిందంటే ఇట్లా ఓడిపోయింది.

1840లలో ఇంగ్లండ్ మిల్లు దారం వచ్చి ఇంటింటి నార వడకడాన్ని దెబ్బకొట్టింది. 1845లో ఆలుగడ్డకు తెగులు వచ్చింది. ఆకలి, రోగాలు. ఫ్లెమిష్ పేదలు దక్షిణాది వాలూనియాకు వలస పోయిన్రు. అక్కడ బొగ్గు గనులు, ఉక్కు కార్ఖానాలున్నయి. భాష రాని కూలీలుగా అడుగున బతికిన్రు.

1860లో యాన్ కూకె, పీటర్ గూతాల్స్ అనే ఇద్దరు ఫ్లెమిష్ కూలీలకు ఒక విధవరాలి హత్య కేసులో మరణశిక్ష పడ్డది. విచారణ నడిచింది ఫ్రెంచిలో. వాళ్లకు ఆ భాష సరిగ రాదు. నవంబర్ 16న శార్లెర్వా పట్నంలో వాళ్ల తలలు తీసిన్రు. కొంతకాలానికే ఒక దొంగల ముఠా పట్టుబడి, ఆ నేరం సంగతి బయటపడ్డది. ఆ ఇద్దరి పాత్ర ఎంత అనే దాని మీద చరిత్రకారుల వాదం ఇప్పటికీ ఉంది. కానీ జనం వేసిన ప్రశ్న సూటిగా ఉండె: తన మీద వేసిన నేరమేందో అర్థం కానోనికి శిక్ష ఎట్లా వేస్తరు? ఆ ప్రశ్న నుంచే 1873 చట్టం వచ్చింది. ఫ్లెమిష్ ప్రాంతంలో క్రిమినల్ కేసుల్లో డచ్ వాడాలని అది చెప్పింది. 1878లో ఆఫీసులకు, 1883లో హైస్కూళ్లకు చట్టాలొచ్చినయి. 1898లో చట్టాల డచ్ ప్రతికి ఫ్రెంచి ప్రతితో సమాన విలువ ఇచ్చిన్రు. అప్పటిదాకా దేశంలో మెజారిటీ భాషలో రాసిన చట్టం కేవలం అనువాదమే.

చట్టాల వెనుక ఎవరున్నరు? మొదట కవులు, రచయితలు, బడిపంతుళ్లు, కింది స్థాయి పూజారులు. తర్వాత ఓటు పెరిగింది. 1893లో మగవాళ్లందరికీ ఓటొచ్చింది, కానీ ఆస్తి, చదువు ఉన్నోళ్లకు రెండు మూడు ఓట్లు. 1919లో మనిషికి ఒక్క ఓటు. ఆల్స్ట్ అనే మిల్లుల పట్నంలో అడాల్ఫ్ డాన్స్ అనే పూజారి కూలీల పక్షం నిలబడి 1894లో పార్లమెంటుకు గెలిచిండు. పిల్లలతో మిల్లుల్లో పని చేయించుకోవద్దన్నడు, కూలీ భాషకు గౌరవం ఇవ్వాలన్నడు. చర్చి పెద్దలు ఆయన పూజారి హక్కులనే తీసేసిన్రు. ఆయన జీవితం మీద 1992లో సినిమా కూడా వచ్చింది. కూడు, భాష రెండూ ఒకే కొట్లాట అని జనానికి అర్థం చేయించినవాళ్లలో ఆయన ఒకడు.

బురద కందకాలు, విశ్వవిద్యాలయం

1914లో జర్మనీ దండెత్తింది. బెల్జియం సైన్యం వెనక్కి పోయి పోయి ఐజర్ అనే చిన్న నది దగ్గర ఆగింది. అక్టోబర్ చివర నియూపోర్ట్ దగ్గర తూములు ఎత్తిన్రు. కార్ల్ కోగె అనే కాలువల పర్యవేక్షకుడు, హెండ్రిక్ గీరార్ట్ అనే పడవమనిషి ఏ తూము ఎప్పుడెత్తాలో చెప్పిన్రు. సముద్రం పోల్డర్ల మీదికి వచ్చింది, జర్మన్ సైన్యం ఆగింది. వందల ఏండ్లుగా సముద్రాన్ని బయట పెట్టిన తూములే ఆనాడు సముద్రాన్ని పిలిచి దేశపు చివరి ముక్కను కాపాడినయి.

ఈప్ర్ చుట్టూ నాలుగేండ్ల యుద్ధం. మన దేశపు సిపాయిలు కూడా 1914 అక్టోబర్‌లోనే అక్కడ బురద కందకాల్లో దిగిన్రు. ఈప్ర్‌లోని మెనిన్ ద్వారం మీద, సమాధి దొరకని 54 వేల పైచిలుకు సైనికుల పేర్లలో భారతీయుల పేర్లూ ఉన్నయి.

ఆ కందకాల్లో ఫ్లెమిష్ సిపాయిలకు ఆఫీసర్ల హుకుం ఎక్కువగా ఫ్రెంచిలోనే వచ్చేది. 1917 జులై 11న సిపాయిలు రాజుకు బహిరంగ లేఖ రాసిన్రు. ఇంకోపక్క జర్మన్ ఆక్రమణదారులు 1916లో ఘెంట్ విశ్వవిద్యాలయాన్ని డచ్ మాధ్యమంలోకి మార్చి ఇచ్చిన్రు. కొందరు ఫ్లెమిష్ కార్యకర్తలు దాన్ని తీసుకున్నరు. యుద్ధం అయిపోంగనే ఆ విశ్వవిద్యాలయం పోయింది. న్యాయమైన కోరిక మీద ద్రోహపు ముద్ర పడ్డది. మళ్లీ పన్నెండేండ్లు కొట్లాడితే 1930లో పార్లమెంటు చట్టంతో ఘెంట్ పూర్తిగా డచ్ విశ్వవిద్యాలయమైంది. రచయిత ఆగస్ట్ వెర్‌మేలెన్ తొలి రెక్టర్.

విశ్వవిద్యాలయం మీద ఎందుకంత పట్టుదల? జడ్జి, డాక్టరు, ఇంజనీరు, పంతులు తయారయ్యేది అక్కడ. కోర్టులో డచ్ వాడాలని చట్టం చేసినా, డచ్‌లో చదువుకున్న జడ్జి లేకపోతే చట్టం కాగితమే. ఈ సంగతి ఫ్లెమిష్ విద్యార్థులకు బాగా తెలుసు.

గీత గీసుకున్న కాలం

1932 చట్టం ఒక సూత్రాన్ని తెచ్చింది: ఉత్తరాన పాలనాభాష డచ్, దక్షిణాన ఫ్రెంచి, బ్రస్సెల్స్‌లో రెండూ. కానీ అందులో ఒక చిల్లు పెట్టిన్రు. పదేండ్లకోసారి జనాభా లెక్కల్లో ఏ భాష మాట్లాడుతరో అడిగి, దాన్ని బట్టి ఊళ్ల హోదా మారుస్తరు. ఫ్రెంచి హోదా భాష కాబట్టి జనం ఫ్రెంచి అని రాయించుకునేవాళ్లు. లెక్క జరిగినప్పుడల్లా గీత ఉత్తరానికే జరిగేది. 1947 లెక్కల ఫలితాలను 1954లో బయటపెట్టి, బ్రస్సెల్స్ పక్కనున్న మూడు ఊళ్లను రాజధానిలో కలిపిన్రు. అప్పుడు ఫ్లెమిష్ మేయర్లు భాష ప్రశ్న ఉన్న ఫారాలను పంచనని మొండికేసిన్రు. 1961లో భాషా లెక్కలు రద్దు. 1961లో, 1962లో బ్రస్సెల్స్‌లో భారీ ఊరేగింపులు. 1962 నవంబర్ చట్టంతో భాషా సరిహద్దు ఖాయమైంది, 1963 సెప్టెంబర్ నుంచి అమలైంది. లోకం పటం గీసిన మెర్కాటర్ గడ్డకు తన సొంత గీత 20వ శతాబ్దంలో దొరికింది.

గీత గీస్తే నొప్పి కూడా ఉంటది. ఫూరెన్ అనే ఆరు చిన్న ఊళ్లను లియేజ్ నుంచి తీసి లింబర్గ్‌లో కలిపిన్రు. అక్కడి ఫ్రెంచివాళ్లతో ఏండ్ల తరబడి గొడవలు నడిచినయి, 1987లో ఒక ప్రభుత్వమే దాని మీద పడిపోయింది. సరిహద్దు ఊళ్లలో మైనారిటీలకు ఆఫీసు కాగితాలు తమ భాషలో పొందే సౌకర్యం ఇచ్చిన్రు. ఆ పంచాయతీ పూర్తిగా తెగలేదు.

ఆ తర్వాత లూవెన్. 1425లో పుట్టిన పాత విశ్వవిద్యాలయం, ఫ్లెమిష్ గడ్డ మీద ఉంది. దాని ఫ్రెంచి విభాగం పెరుగుతుంటే పట్నం మరో బ్రస్సెల్స్ అయితదేమోనని భయం. విద్యార్థులు వీధులకెక్కిన్రు. 'వాలూన్లు బయటికి' అనేది నినాదం. 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వం పడిపోయింది. విశ్వవిద్యాలయం రెండయింది. ఫ్రెంచి విభాగానికి వాలూనియాలో లూవెన్-లా-న్యూవ్ అని కొత్త పట్నమే కట్టిన్రు. గ్రంథాలయం పంచేటప్పుడు సరి నంబరు పుస్తకాలు ఒకరికి, బేసి నంబరు పుస్తకాలు ఇంకొకరికి అన్నరు. ఒకే గ్రంథమాల సంపుటాలు రెండూళ్ల పాలయినయి. కోరిక న్యాయమైనదే. కానీ పక్క బెంచీలో కూచున్న పోరగాన్ని బయటికి పో అన్న నినాదం గురించి, పుస్తకాల పంపకం గురించి ఆనాటి విద్యార్థులను ఇవ్వాళ అడిగినా గర్వంగా చెప్పరేమో.

సంఖ్యను వదులుకొని సాధించిన ఒప్పందం

1970 నుంచి 2014 దాకా ఆరు విడతల్లో బెల్జియం రాజ్యాంగం మారింది. 1993లో ఫెడరల్ దేశమని రాసుకున్నరు. 1995లో ఫ్లెమిష్ పార్లమెంటుకు మొదటిసారి నేరుగా ఎన్నికలు జరిగినయి. 124 మంది సభ్యులు. చదువు, సంస్కృతి, వ్యవసాయం, రోడ్లు, పర్యావరణం వాళ్ల చేతికొచ్చినయి. తమ పరిధిలోని విషయాల మీద విదేశాలతో ఒప్పందాలు కూడా చేసుకోవచ్చు.

దీనికి వాళ్లు ఇచ్చిన బదులేంది? 1970 సవరణతో కేంద్ర మంత్రివర్గంలో ప్రధానిని వదిలేస్తే డచ్ మంత్రులు, ఫ్రెంచి మంత్రులు సమాన సంఖ్యలో ఉండాలె. కీలక చట్టాలకు రెండు భాషల సభ్యుల్లోనూ విడివిడిగా మెజారిటీ కావాలె. అంటే మెజారిటీ ప్రజలు తమ సంఖ్యాబలాన్ని కేంద్రంలో వదులుకొని, తమ గడ్డ మీద తమ పాలన తెచ్చుకున్నరు. ఓటు లేని రోజుల్లో సంఖ్య పనిచేయలేదు, ఓటు వచ్చినంక సంఖ్యతోనే అన్నీ తేల్చుకుందామంటే దేశం నిలవదు. ఇద్దరూ ఈ సంగతి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

బ్రస్సెల్స్ కథ వేరే. ఒకప్పుడు డచ్ మాట్లాడిన పట్నమే. రాజధాని కావడం, నౌకరీలు ఫ్రెంచిలో ఉండడంతో రెండు శతాబ్దాల్లో మారిపోయింది. ఇవ్వాళ ఎక్కువగా వినబడేది ఫ్రెంచే. చుట్టూ ఫ్లెమిష్ బ్రబాంట్, మధ్యలో 162 చదరపు కిలోమీటర్ల దీవి లాగ ఉంటది. 1989 నుంచి అది ప్రత్యేక ప్రాంతం. అయినా ఫ్లాండర్స్ తన రాజధానిగా బ్రస్సెల్స్‌నే పెట్టుకుంది. 124లో ఆరుగురు సభ్యులను బ్రస్సెల్స్‌లోని డచ్ ఓటర్లే ఎన్నుకుంటరు. రాజధాని అంటే ఏందో మనకెవరూ చెప్పనవసరం లేదు. 2014 జూన్ 2 నుంచి పదేండ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగియడం మనం చూసినం. వాళ్లకు అట్లాంటి గడువు లేదు. పంచుకునే బతకాలె.

గెలిచినంక మిగిలిన ప్రశ్నలు

ఇప్పుడు చేదు మాటలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్లెమిష్ జాతీయవాదుల్లో పెద్ద భాగం నాజీలతో చేతులు కలిపింది. 1942లో ఆంట్‌వెర్ప్ పోలీసులు యూదులను పట్టివ్వడంలో పాలుపంచుకున్నరు. తన ప్రజల మీద ప్రేమ పక్క మనిషి మీద ద్వేషంగా మారితే ఎక్కడికి పోతదో ఆ చరిత్ర చెప్పింది. ఆ మచ్చ ఇవ్వాల్టికీ ఆ ఉద్యమం మీద ఉంది. 2004లో కోర్టులు వ్లామ్స్ బ్లాక్ పార్టీకి చెందిన సంస్థలను జాతివివక్ష చట్టం కింద దోషులన్నయి. పార్టీ పేరు మార్చుకొని మళ్లీ వచ్చింది, ఓట్లూ తెచ్చుకుంటున్నది.

రెండోది సంపద. లింబర్గ్‌లో 1901లో బొగ్గు బయటపడ్డది, 1992లో చివరి గని మూతపడ్డది. ఆంట్‌వెర్ప్ రేవు, రసాయన పరిశ్రమలు, కొత్త కార్ఖానాలతో 1960లలో ఫ్లాండర్స్ వాలూనియాను దాటిపోయింది. వాలూనియా బొగ్గు, ఉక్కు కూలిపోయినయి. లెక్క తిరగబడ్డది. 2005లో ఎన్-విఎ పార్టీవాళ్లు లారీల నిండా నకిలీ నోట్లు నింపుకొని వాలూనియాకు పోయి, మా డబ్బు ఇట్లా పోతున్నదని ప్రదర్శన చేసిన్రు. వాళ్ల ముత్తాతలు ఆకలితో ఆ గనుల్లోకే కూలికి పోయిన్రు. ఆ సంగతి లారీల మీద ఎవరూ రాయలేదు. 2010 జూన్ ఎన్నికల తర్వాత 541 రోజులు పూర్తి స్థాయి కేంద్ర ప్రభుత్వమే ఏర్పడలేదు. 2025 ఫిబ్రవరిలో అదే ఎన్-విఎ నాయకుడు బార్ట్ డి వేవర్ బెల్జియం ప్రధాని అయిండు. విడిపోదామన్న పార్టీ దేశాన్ని నడిపే పనిలో పడ్డది.

మూడోది యాస. ఫ్లెమిష్ ప్రజలు ఫ్రెంచిని ఎదుర్కోవడానికి నెదర్లాండ్స్ ప్రామాణిక డచ్‌ను పట్టుకున్నరు. బడిలో పశ్చిమ ఫ్లాండర్స్ యాస, లింబర్గ్ యాస తప్పు అయినయి. పశ్చిమ ఫ్లాండర్స్ మనిషి టీవీలో మాట్లాడితే వాళ్ల సొంత చానళ్లే కింద అక్షరాలు వేస్తయి. ఒక పెత్తనాన్ని దింపే క్రమంలో ఇంట్లో ఇంకో చిన్న పెత్తనం తయారైతది. యాస విలువ తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

నాలుగోది, గడ్డ ఎవరిది అన్న ప్రశ్న. లింబర్గ్ గనుల్లోకి ఇటలీ, టర్కీ, మొరాకో నుంచి కూలీలు వచ్చిన్రు. వాళ్ల మనవలు ఇవ్వాళ గెంక్ పట్నంలో డచ్‌లో చదువుకుంటున్నరు, డచ్‌లో కొట్లాడుకుంటున్నరు. వాళ్లు ఫ్లెమిష్ ప్రజలా కాదా? ఒకనాడు శార్లెర్వాలో భాష రాని కూలీగా నిలబడ్డ జాతి ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్తదో, దాన్ని బట్టే వాళ్ల ఉద్యమాన్ని చరిత్ర కొలుస్తది.

మిత్రులారా, మొదట అడిగిన ప్రశ్నకు మళ్లీ వద్దాం. మెజారిటీకి అంత కాలం ఎందుకు పట్టింది? ఓటు కొందరిదే కాబట్టి. చదువు పరభాషలో ఉంది కాబట్టి. తమలోని పైవర్గమే అవతలి పక్షం చేరింది కాబట్టి. ఆక్రమణదారుల దగ్గర తీసుకున్న కానుక రెండుసార్లు వాళ్లను వెనక్కి గుంజింది కాబట్టి. ఎట్లా గెలిచిన్రు? ఒక కోర్టు, ఒక ఆఫీసు, ఒక బడి, ఒక విశ్వవిద్యాలయం లెక్కన, చట్టం వెంబడి చట్టం సాధించుకుంటూ. ఆ పని చేసింది ఎక్కువగా మీలాంటి పంతుళ్లు, గుమాస్తాలు, విద్యార్థులే.

ఇంటికి పోయినంక అట్లాసు తెరిచి చూడండి. పటాల పుస్తకానికి అట్లాసు అని పేరు పెట్టింది కూడా ఆ మెర్కాటరే. ఉత్తర సముద్రం ఒడ్డున, ఫ్రాన్స్‌కూ నెదర్లాండ్స్‌కూ మధ్యన, వేలి గోరంత జాగ కనబడతది. అందులో భాషా సరిహద్దు చాలా పటాల్లో గీసి ఉండదు. ఆ గీత ఎక్కడుందో మీరే పెన్సిలుతో గీయండి. బ్రస్సెల్స్‌కు కొంచెం దక్షిణాన, పడమటి నుంచి తూర్పుకు. ఆ గీత కోసం 132 ఏండ్లు పట్టిందని పక్కన రాసి పెట్టుకోండి.